దింపుడు కల్లం ఎదుటి బడి

జ్ఞానప్రసూనాంబ అన్న పేరును మా బడి పిల్లలు ఏనాడూ పూర్తిగా పలికిన పాపాన పోలేదు. మొదటి వారంలోనే అది ప్రసూన టీచర్ అయింది. దసరా నాటికి పసునా టీచర్ అయింది. కొన్నాళ్ళు దిద్ది, తర్వాత ఆమే ఊరుకుంది. ఏలూరు దగ్గర పుట్టిన మనిషి. బ్యాంకులో పనిచేసే భర్త భీమశంకరరావుగారితో అత్తాపూర్‌లో కాపురం. రోజూ ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాల పక్కనుంచి ఆరాంఘర్ దాకా ఒక బస్సు, అక్కణ్ణించి శంషాబాద్‌కు ఇంకో బస్సు, ఆపైన మా ఊరికి షేర్ ఆటో. ఇంత దూరం వచ్చి మూడో తరగతి పిల్లల ముక్కులు తుడవడం ఎందుకని ఒకసారి అడిగాను. "పిల్లలంటే ఇష్టమండీ" అంది. ఆమెకు పిల్లలు లేరు. టీ తాగమన్నాను.

నేను నిర్మలను. ఈ ఊరిదాన్నే, ఐదో తరగతి టీచర్ని. మా నాన్న దున్నిన చేను ఇప్పుడు ఎయిర్‌పోర్టు గోడ అవతల ఎక్కడో ఉంది. విమానం లేచినప్పుడల్లా మా అమ్మ "మన కందిచేను మీదికెల్లి లేసింది" అంటుంది. నా నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు. ప్రసూన నోరు మంచిది, మనసు ఇంకా మంచిది. అందుకే ఆమె చేసిన తప్పును చాలా రోజులదాకా ఎవరూ ఆమె మొహం మీద అనలేదు. అని ఉంటే బాగుండేది. తిట్లు తిన్నవాళ్ళకు కాస్త నిద్రయినా పడుతుంది.

బడి సోమయ్య సారుది. ఎయిర్‌పోర్టు వచ్చి చేలన్నీ ప్లాట్లయ్యాక, ఊరికీ, శవాలను పూడ్చే బొందలగడ్డకూ మధ్య దారిలో చవగ్గా ఒక జాగా దొరికితే కొని, కిందో మూడు గదులు, పైనో మూడు గదులు లేపి, ఇంగ్లీషు మీడియం అని బోర్డు పెట్టాడు. అంత చవగ్గా ఎందుకు దొరికిందో గృహప్రవేశం అయ్యాక తెలిసింది. గేటుకు ఎదురుగానే ఊరి దింపుడు కల్లం. శవాన్ని మోసుకుపోయేవాళ్ళు సగం దారిలో పాడె దించి, అయినవాళ్ళ చేత చెవిలో మూడుసార్లు పిలిపించే చోటు అది. ఏ మూలనో ఊపిరుంటే లేస్తారేమోనని. మాటవరసకు మనం 'దింపుడు కల్లం ఆశ' అని ఊరికే అనేస్తుంటాం గానీ, ఆ చోట నిలబడి ఒకసారి చూసినవాళ్ళకు ఆ మాట అంత సులువుగా నోటికి రాదు. ఓ వంద గజాలు అవతల దించండయ్యా అని సోమయ్య సారు పెద్దమనుషుల కాళ్ళావేళ్ళా పడ్డాడు. "నీ బడి నిన్నమొన్న వచ్చింది సారూ. మా తాతల కాడికెల్లి ఈడనే దింపుతున్నరు" అన్నారు వాళ్ళు.

దాంతో సారు తనకు తోచిన ఉపాయం చేశాడు. డప్పు వినబడగానే ఆయా గంట కొడుతుంది. కిటికీలు మూసెయ్యాలి. ప్రతి తరగతీ ఎక్కాలు అందుకోవాలి, అదీ గొంతెత్తి. శవం దాటిపోయేదాకా ఆపకూడదు. పిల్లలకు అదో పండగ. బయట ఎవరో గుండెలు బాదుకుంటుంటే లోపల వీళ్ళు పోటీపడి అరిచేవాళ్ళు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది. దేనికైనా అలవాటుపడే జబ్బు మనిషికి ఉంది.

ప్రసూనకు మాత్రం ఆ పద్ధతి మొదటిరోజు నుంచీ నచ్చింది. "పసివాళ్ళ చెవిన పడకూడనివి కొన్ని ఉంటాయి నిర్మలగారూ" అనేది. పాఠంలో చావు మాట వస్తే పేజీ తిప్పేసేది. ప్రాణమున్నవి పుడతాయి, పెరుగుతాయి, చనిపోతాయి అని పుస్తకంలో ఉంటే, పెరుగుతాయి దగ్గర ఆపేసి బొమ్మ గీయించేది.

ఆమె తరగతిలో భాగ్య అని ఒక పిల్ల ఉండేది. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం జాతరలో మైకు. ఎక్కాలు చెప్పించే పని ఎప్పుడూ దానిదే. తండ్రి బాలమల్లు ఎయిర్‌పోర్టులో ట్రాలీలు తోసేవాడు. తల్లి శివమ్మ అక్కడే కాంట్రాక్టరు కింద ఊడ్చి తుడిచే పనికి పోయేది. డ్యూటీకి పోతూ పోతూ పిల్లను గేటు దగ్గర వదిలి, "టీచరమ్మా, జర చూసుకో" అనేది. ప్రసూన ఆ మాటను చాలా గట్టిగా పట్టుకుంది. భాగ్య జడకు రిబ్బను వదులైనా ఆమే బిగించేది.

రెండువేల పది వానాకాలంలో శివమ్మకు కామెర్లయ్యాయి. పసరు మింగించారు, తాయెత్తు కట్టించారు, చివరికి దవాఖానకు తీసుకుపోయారు. తండ్రీ నాయనమ్మా దవాఖానలోనే ఉంటే, భాగ్యను పక్కింటివాళ్ళు చూసుకుంటున్నారు. ఒక పొద్దున వాళ్ళు పిల్లకు జడలేసి బడికి తోలిన తర్వాత కబురొచ్చింది.

మధ్యాహ్నం అన్నాల గంట ఇంకా కాలేదు. శివమ్మ తమ్ముడు కుర్మయ్య గేటు దగ్గర మోపెడ్ దిగాడు. నేను వరండాలో ఉన్నాను. ప్రసూన అప్పటికే ఎదురెళ్ళింది.

"మా అక్క పోయింది మేడం" అన్నాడు. "పిల్లను తోలియ్యుండ్రి. తల్లి మొకం చూసుకోవాలె. దింపుడు కల్లం కాడ పిలవాలె."

ప్రసూన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గేటు మాత్రం తియ్యలేదు.

"అది పసిపిల్ల కుర్మయ్యా. అలాంటి స్థితిలో తల్లిని చూపిస్తే జన్మంతా అదే కళ్ళ ముందు ఉండిపోతుంది. వాళ్ళమ్మ నవ్వే మొహమే గుర్తుండనివ్వండి. సాయంత్రం నేనే ఇంటికి తీసుకొస్తాను."

"మా దాంట్ల గట్ల లేదు మేడం. పిల్లలే పిలుస్తరు."

"నా మాట వినండి. నేను దాని చెడు కోరతానా?"

నేను కల్పించుకున్నాను. "పంపించండి మేడం. వాళ్ళ పిల్లను ఆపడానికి మనమెవరం?" అన్నాను. ఆమె నావైపు తిరిగి చూసింది. ఆ చూపులో కోపం లేదు, బతిమాలుకోవడం ఉంది. అదెందుకో నాకప్పుడు అర్థం కాలేదు. కుర్మయ్య తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "మీరు సదువుకున్నోళ్ళు, మీకే తెలుస్తది" అని మోపెడ్ తిప్పుకున్నాడు. ఇస్త్రీ చీర కట్టిన మనిషి మెత్తగా చెబితే కాదనే అలవాటు మావాళ్ళకు లేదు. భూములు పోయినప్పుడూ ఇలాగే తలలూపారు.

పొద్దు వాలుతుండగా డప్పు వినబడింది. ఆయా గంట కొట్టింది. ప్రసూన గదికీ నా గదికీ మధ్య చెక్క తడికే. "భాగ్యా, నువ్వు చెప్పించమ్మా" అన్న మాట నాకు వినబడింది. "గట్టిగా చెప్పించాలి. ఇవాళ అందరికంటే మన తరగతే గట్టిగా." పిల్ల సంబరంగా లేచినట్టుంది, బెంచీ చప్పుడైంది. సెవెన్ వన్‌జ సెవెన్ అని అందుకుంది.

నేను నా కిటికీ మూయలేదు. పాడె దించారు. బాలమల్లు వంగి భార్య చెవి దగ్గర నోరు పెట్టాడు. పెదాలు కదలడం కనిపించింది, మాట వినబడలేదు. కుర్మయ్య వంగేముందు తలెత్తి బడివైపు చూశాడు. చివరికి శివమ్మ అత్త, బాలమల్లు తల్లి రుక్కమ్మ పాడె పక్కన కూలబడి, "ఓ శివమ్మా, ఓ బిడ్డా, లే బిడ్డా" అని పెట్టిన కేక మాత్రం మా ఎక్కాలన్నిటినీ చీల్చుకుని లోపలికొచ్చింది. తడిక అవతల భాగ్య ఒక్క క్షణం ఆగింది. "ఆపకు తల్లీ, చెప్పు" అంది ప్రసూన. పిల్ల మళ్ళీ అందుకుంది. తల్లి ముప్పై అడుగుల దూరంలో దాటిపోతుంటే, దాని గొంతే అందరికంటే గట్టిగా వినబడింది.

సాయంత్రం అన్న మాట ప్రకారం ప్రసూన పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. దారిలో, "అమ్మ దేవుడి దగ్గరికి వెళ్ళిందమ్మా" అని చెప్పిందట. "డ్యూటీ ఇడిసిపెట్టిందా?" అని అడిగిందట పిల్ల. ఇల్లు కడిగేసి ఉంది. శివమ్మను పడుకోబెట్టిన చోట దీపం వెలుగుతోంది. భాగ్య ఆ దీపాన్ని చూసింది, తండ్రిని చూసింది, ఆకలేస్తోందంది. ఏడవలేదు. మర్నాడు ప్రసూన నాతో, "చూశారా, పిల్ల ఎంత నిబ్బరంగా ఉందో" అంది. నా నోరు మంచిది కాదని చెప్పాను కదా, అందుకని మూసుకున్నాను.

దినాలయ్యాక భాగ్య బడికొచ్చింది. గొంతు మాత్రం రాలేదు. పద్యం చెప్పమంటే పెదాలు కదిపేది. ఎక్కాలు ఇంకెవరో చెప్పించారు. ప్రసూన దాన్ని ముందు బెంచీలో కూర్చోబెట్టుకుంది. కొత్త రిబ్బన్లు తెచ్చింది, టిఫిన్ డబ్బాలో పులిహోర తెచ్చింది. పిల్ల అన్నీ తీసుకునేది, అన్నిటికీ తలూపేది. ఆ తలూపడం నాకే చూడబుద్ధయ్యేది కాదు. ఇక ఆమెకెలా ఉండేదో!

కొన్నాళ్ళకు ఊళ్ళో అనంతయ్య తాత పోయాడు. పండుముసలి. ఆయా గంట కొట్టింది. పిల్లలు ఎక్కాలందుకున్నారు. ఉన్నట్టుండి పక్క గదిలో గోల ఆగిపోయింది. ఏమిటా అని వెళ్ళి చూస్తే, భాగ్య లేచి వెళ్ళి కిటికీ బార్లా తీసింది. రెండు చేతులతో ఊచలు పట్టుకుని నిలబడింది. బయట అనంతయ్య కొడుకులు ఒకరి తర్వాత ఒకరు తండ్రి చెవిలో పిలుస్తున్నారు. మూడు పిలుపులయ్యాయి. పాడె లేచింది. డప్పులు సాగిపోయాయి.

"లెవ్వలే" అంది భాగ్య. అది మాట్లాడగా విని ఎన్నాళ్ళయిందో.

"లేవరమ్మా" అంది ప్రసూన. "రా, వచ్చి కూర్చో."

"ముసలాయన గదా, గందుకే లెవ్వలే. మా అమ్మ లేస్తుండె. నాయిన మెల్లగ పిలిచిండంట. మా నాయినమ్మ చెప్పింది. నేను పిలిస్తే లేస్తుండెనంట."

ఆ మాటలో నిష్ఠూరం లేదు, కోపం లేదు. ఆవు పాలిస్తుంది అన్నట్టే చెప్పింది. ఆ మాటకు మిగతా పిల్లలందరూ ఎగబడ్డారు. మహేశ్వరం దిక్కు ఒకామె లేచి కూర్చుందట. ఇంకెవరో లేచి నీళ్ళడిగాడట. మా తాత చూసిండు టీచర్, మా మామ చూసిండు టీచర్. ప్రసూన బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

ఆ సాయంత్రం ఆటో స్టాండ్ దగ్గర నా చెయ్యి పట్టుకుంది. "ఆ పిల్ల తల్లిని నేనే చంపినట్టయింది నిర్మలగారూ. తన ప్రాణం ఉన్నంతకాలం అది అలాగే అనుకుంటుంది. తను పిలిస్తే బతికేదని." ఆటో వచ్చినా ఎక్కలేదు. "రాత్రిళ్ళు ఆ ఎక్కమే వినబడుతోంది. ఆపకు తల్లీ, చెప్పు అన్నాను. నేనే అన్నాను."

ఓదార్చాలని ఉంది. అబద్ధం చెప్పి ఓదార్చడం నాకు చేతకాదు. "చేసింది తప్పే. ఇప్పుడు ఆ పిల్లకు నిజం చెప్పండి" అన్నాను.

నిజం చెప్పడమంటే తరగతిలో చెప్పాలనుకుంది ఆమె, టీచరు కదా. మర్నాడు పేజీ తిప్పకుండా ఆ వాక్యం చదివింది. ప్రాణమున్నవి చనిపోతాయి. చనిపోవడం ఎవరైనా చూశారా అని అడిగితే తరగతంతా చేతులెత్తింది. ఎద్దు, తాత, పక్కింటి పిన్ని, లారీ కింద పడ్డ కుక్క. ఒకడు ముక్కులో దూది ఎందుకు పెడతారో వివరించాడు. వాళ్ళ చెవిన పడకూడదని ఆమె ఇన్నాళ్ళూ కిటికీలు మూసింది. వాళ్ళు అవన్నీ ఇళ్ళలోనే చూసేసి వచ్చారు. ప్రసూన గొంతు సవరించుకుని, చనిపోయినవాళ్ళకు ఆకలి ఉండదు, నొప్పి ఉండదు, చూడలేరు, వినలేరు అని చెప్పింది. తిరిగి లేవరు అని కూడా చెప్పింది.

"ఇనకపోతె చెవుల ఎందుకు పిలుస్తరు?" అంది భాగ్య ముందు బెంచీలోంచి. "పెద్దోళ్ళకు ఎర్క లేదా?"

ప్రసూన వెనక్కి తిరిగి బోర్డు తుడిచింది. తుడవడానికి బోర్డు మీద ఏమీ లేదు.

తెల్లారేసరికి సోమయ్య సారు గదిలో తల్లిదండ్రుల పంచాయతీ. ముందు నిలబడింది చంద్రమ్మ, నోట్లో నోరు పెడితే నాకే చుక్కలు చూపించగల మనిషి. "మేం ఫీజు కట్టేది పోరలకు ఇంగ్లీషు నేర్వనీకి. సావు నేర్వనీకి కాదు. అది మేం ఇంట్ల ఉత్తగనే నేర్పుతం" అంది. ఆమె వెనక ఉన్నవాళ్ళు అశుభం అన్నారు, పిల్లలు రాత్రి ఉలికిపడ్డారన్నారు. ఒకాయన, ఈ ఆంధ్రా టీచర్లంతా ఇంతే అన్నాడు. ఆ మాటకు ఆయనకు నేను ఇవ్వాల్సింది ఇచ్చాను. సారు తల పట్టుకుని, "అడ్మిషన్ల మీద దెబ్బపడ్తది మేడం. గట్లాంటి ముచ్చట్లు బడిల వద్దు" అన్నాడు. ప్రసూన సరేనని చేతులు జోడించింది. ఎన్ని మాటలన్నా పడింది. పడుతుంటే ఆమెకు కొంచెం ఊపిరాడుతున్నట్టే అనిపించింది నాకు.

ఆ వారంలోనే ప్రసూన నన్ను తోడు తీసుకుని రుక్కమ్మ ఇంటికి వెళ్ళింది. ముసలమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు, కూర్చోమనలేదు. ప్రసూన నిలబడే చెప్పింది.

"అమ్మా, మీరు భాగ్యకు ఒక్క మాట చెప్పాలి. పిలిచినా శివమ్మ లేచేది కాదని చెప్పండి. మీరు చెబితే నమ్ముతుంది."

"నేను చెప్ప" అంది రుక్కమ్మ.

"చిన్నపిల్ల అమ్మా. అలా అనుకుంటూ బతకడం..."

"నేను పిలిచిన. నా కొడుకు పిలిచిండు. తమ్ముడు పిలిచిండు. లెవ్వలే. ఇగ బిడ్డ పిలుపొక్కటే మిగిలె. గా పిల్ల పిలిస్తే లేస్తుండెనని నా మనసుకు ఆశ. గా ఒక్క ఆశ కూడ ఇడిసిపెట్టుమంటవా?" గింజల చేతిని కొంగుకు తుడుచుకుంది. "నువ్వే ఆపినవు. నువ్వే చెప్పుకో పో."

మేము వీధి మలుపు దాకా వచ్చాక వెనకనుంచి కేకేసింది. "ఐతారం పొద్దుగాల రాండ్రి. బొంద కాడికి పోదాం. ఆడ చెప్పు."

ఆ ఆదివారం సంగతికి ముందే, తర్వాత ఏమైందో చెప్పేస్తాను. అది చెప్పాక ఇంకేదీ చెప్పే ఓపిక నాకుండదు. ప్రసూన మా బడిలో ఇంకో మూడేళ్ళు పనిచేసింది. భీమశంకరరావుగారికి బెజవాడ బదిలీ అయ్యాకే వెళ్ళింది. గంట కొడితే ఆమె గదిలో మాత్రం కిటికీలు తెరిచే ఉండేవి. పిల్లలు లేచి నిలబడి, పాడె కదిలేదాకా మాట్లాడకుండా ఉండేవాళ్ళు. సారు గొణిగాడు గానీ అడ్మిషన్లు తగ్గలేదు. ఏ పిల్ల ఇంట్లోనైనా కీడు జరిగితే కబురు అందగానే ఆమే పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి దిగబెట్టేది. చంద్రమ్మ అత్త పోయినప్పుడు మనవల్ని ఆమే తీసుకెళ్ళింది. దాంతో చంద్రమ్మ నోరు మూతపడింది. ఊళ్ళోవాళ్ళు ఆమెను మెచ్చుకున్నారు. మెచ్చుకున్నప్పుడల్లా ఆమె తల దించుకునేది. ఆ మెప్పు ఆమెకు అక్కర్లేదని నాకు తెలుసు.

ఆదివారం నలుగురం వెళ్ళాం. రుక్కమ్మ, భాగ్య, ప్రసూన, నేను. బొందలగడ్డ అవతలే ఎయిర్‌పోర్టు ప్రహరీ. శివమ్మ బొంద మీద మన్ను వానలకు కుంగిపోయింది, అంచుల్లో గడ్డి మొలిచింది. భాగ్య చుట్టూ ఒకసారి తిరిగింది.

"తల ఏ దిక్కుంది?" అని నాయనమ్మను అడిగింది. రుక్కమ్మ చూపించింది.

"పిలవాలనుంటే పిలువు తల్లీ" అంది ప్రసూన.

పిల్ల మోకాళ్ళ మీద కూర్చుంది. అప్పుడే నెత్తి మీదుగా విమానం దిగుతోంది. "ఆగు, ఇమానం పోనీ" అంది మాతో, మేమేదో తొందరపెడుతున్నట్టు. చప్పుడు పూర్తిగా పోయాక మన్నుకు నోరు ఆనించినంత దగ్గరగా వంగి, అమ్మా అని పిలిచింది. అది మా మైకు గొంతు. ఎన్ని నెలలకో విన్నాను. రెండోసారి ఇంకా గట్టిగా పిలిచింది. మూడోసారి గొంతు పగిలింది. తర్వాత చెవి మన్నుకు ఆనించి అలాగే ఉండిపోయింది. మేం ముగ్గురం ఆడవాళ్ళం, బుద్ధీ జ్ఞానం ఉన్నవాళ్ళం, మేమూ ఊపిరి బిగబట్టాం. ఒట్టు, నేను కూడా.

భాగ్య లేచి, చెంపకంటిన మన్ను తుడుచుకుంది.

"ఇనబడ్తలేదు. మన్ను అడ్డమొచ్చింది. గప్పుడైతే చెవి దగ్గరుండె."

"అప్పుడు పిలిచినా వినేది కాదమ్మా" అంది ప్రసూన. "చనిపోయినవాళ్ళు వినలేరు. నిజంగా చెబుతున్నాను."

"నీకెట్ల ఎర్క? నువ్వు పిలువనియ్యలే గద."

ప్రసూన నావైపు తిరిగింది. తనకు మాట రాకపోతే నన్ను చెప్పమని దారిలోనే అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర మాత్రం ఏముంది? పిల్ల అడిగింది న్యాయమే. పిలవనిచ్చి ఉంటే ఆ రోజే తేలిపోయేది. ఇప్పుడు ఎవరు ఏం చెప్పినా వట్టి మాటే.

ప్రసూన మెల్లగా ఆ తడి మన్నులోనే కూర్చుంది, చీర కూడా చూసుకోకుండా.

"నేను పిలిచాను" అంది. "మా అమ్మను."

భాగ్య ఆమెవైపు చూసింది.

"అప్పటికి నీకంటే చిన్నదాన్ని. మావాళ్ళలో ఆడపిల్లలు పాడె వెనక వెళ్ళకూడదు. అమ్మకు నేనొక్కదాన్నేనని మా మామయ్య ఎత్తుకుని తీసుకెళ్ళాడు. అమ్మ చెవి దగ్గర దించి పిలవమన్నాడు."

"గట్టిగ పిలిచినవా?"

"మొదటిసారి గొంతు రాలేదు. తర్వాత గట్టిగానే పిలిచాను."

"లెవ్వలే?"

"లేవలేదు. మొదటిసారే గట్టిగా పిలిచుంటే లేచేదేమో అనుకున్నాను. పెద్దదాన్నయ్యాను, చదువుకున్నాను, పెళ్ళయింది. ఇప్పటికీ ఒక్కోసారి అనుకుంటాను."

ఈ సంగతి నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. భీమశంకరరావుగారికి కూడా చెప్పలేదట. గేటు దగ్గర ఆమె నన్నెందుకలా చూసిందో అప్పుడు తెలిసింది. అయినా నాకు ఆమె మీద జాలి ఒక్కటే కలగలేదు, కోపం కూడా వచ్చింది. తనకు తగిలిన దెబ్బ ఈ పిల్లకు తగలకూడదని అడ్డంపడి, అంతకంటే పెద్ద దెబ్బ తనే కొట్టింది.

భాగ్య చాలాసేపు మన్ను మీద వేలితో గీస్తూ కూర్చుంది. ఎనిమిదేళ్ళ బుర్రలో ఏదో కూడికో తీసివేతో నడుస్తోంది. చివరికి తలెత్తింది.

"నువ్వన్న పిలిచినవ్ గద టీచర్" అంది. "నన్నెందుకు పిలువనియ్యలే?"

రుక్కమ్మ మొహం తిప్పుకుంది. ప్రసూన కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోలేదు.

"భయమేసింది తల్లీ."

"నాకేం భయం లేకుండె."

"నీకు కాదు. నాకు."

పిల్ల ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత బొంద మీద బోర్లా పడి, అమ్మా అమ్మా అని ఏడవడం మొదలుపెట్టింది. అది పిలవడం కాదు, వట్టి ఏడుపు. శివమ్మ పోయినప్పటినుంచి లోపలే ఉన్నదంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. గుప్పిళ్ళతో మన్ను పట్టుకుని ఒళ్ళంతా ఎగిరిపడేలా ఏడ్చింది. ప్రసూన గబుక్కున దాని వీపు మీద చెయ్యి వేసి, "వద్దమ్మా, ఏడవకు..." అనబోయింది.

"ఏడ్వనియ్యి" అంది రుక్కమ్మ.

ప్రసూన చెయ్యి వెనక్కి తీసుకుంది.